కార్పొరేట్ సామాజిక బాధ్యత – పాలమూరు వలస కూలీ: విమర్శనాత్మక పరిశీలన

కార్పొరేట్ సామాజిక బాధ్యతపై మూడు దృక్పథాలు ప్రసిద్ధమైనవి. నియమాలకు లోబడి లాభం గడించడమే వ్యాపారం బాధ్యత అని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో వాదించాడు. వాటాదారులకే కాక ఉద్యోగులకు, సరఫరాదారులకు, స్థానికులకు కూడా సంస్థ జవాబుదారీ అని ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో ప్రతిపాదించాడు. ఆర్చీ కరోల్ 1991లో ఈ బాధ్యతలను పిరమిడ్‌గా చూపాడు: అడుగున ఆర్థికం, ఆపైన చట్టం, ఆపైన నీతి, శిఖరాన దాతృత్వం. ఈ సిద్ధాంతాలను మన ప్రాంతపు వలస కూలీ వైపు నుంచి పరీక్షిద్దాం.

నారాయణపేట, మక్తల్ పల్లెల నుంచి, దేవరకొండ తండాల నుంచి కూలీలు తరతరాలుగా వలస పోతున్నారు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చోటల్లా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినిపించింది. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి గుంపును తీసుకుపోతాడు. ఆ బాకీని కూలిలో పట్టుకుంటాడు. లెక్క అతని పుస్తకంలోనే ఉంటుంది. అతనిపైన సబ్ కాంట్రాక్టరు, ఆపైన కాంట్రాక్టరు, అందరికీ పైన కంపెనీ. చెమట అడుగున, లాభం పైన. మధ్యలో బాధ్యత జారిపోతుంది.

చట్టం లేదా? ఉంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ భత్యం ఇవ్వాలన్నది. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే అసలు యజమానే చెల్లించాలన్నది. మరోవైపు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి.

ఇక్కడే మన విమర్శ. కరోల్ పిరమిడ్‌లో శిఖరాన ఉన్న దాతృత్వాన్ని చట్టం లెక్కలోకి తెచ్చింది. కాని అడుగునున్న కూలి బకాయి మేస్త్రీ పుస్తకంలోనే మిగిలింది. 2 శాతం ఎక్కడ ఖర్చయిందని నివేదిక చెబుతుంది. ఆ లాభం ఎలా వచ్చిందని అది చెప్పదు. కూలీకి దక్కవలసినది దక్కకుండా, అదే సొమ్ములో కొంత అతని ఊరికి నీళ్ల ప్లాంటుగా వస్తే, దాన్ని దానం అనడం న్యాయం కాదు.

‘కరువులో అడ్వాన్సే కదా కుటుంబాన్ని నిలబెట్టింది, కూలీ ఇష్టపడే వెళ్లాడు కదా’ అన్న వాదనను తేలికగా తోసేయలేం. అడ్వాన్సు లేని ఏడాది ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోవచ్చు. అయితే అవసరం అంగీకారాన్ని బలహీనపరుస్తుంది. మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ సూత్రం వర్తించేది సరిగ్గా ఇక్కడే.

గల్ఫ్ వలసలోనూ ఇదే గొలుసు కనిపిస్తుంది: మేస్త్రీ స్థానంలో ఏజెంటు, అడ్వాన్సు స్థానంలో వీసా కోసం చేసిన అప్పు. తమ వ్యాపార సంబంధాల ద్వారా జరిగే హక్కుల ఉల్లంఘనకూ సంస్థలు బాధ్యత వహించాలని 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. అవి చట్టంలా కట్టిపడేయవు. అయినా ప్రశ్నను సరైన చోట నిలుపుతాయి. ముందు బాకీ, తరువాతే దానం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ ఊరి వలస కూలీకి, పని చేయించుకున్న కంపెనీకి మధ్య ఎందరు ఉన్నారు? ఎవరి బాధ్యత ఎంతో ఫ్రీడ్‌మన్, ఫ్రీమన్ వాదాల ఆధారంగా చర్చించండి.