వెతికి తేల్చిన సున్నా

"పోలియో పోయి ఎన్నేళ్లయింది! ఇంకా పిల్లల మలం డబ్బాల్లో పట్టి ల్యాబులకు పంపడం దండగ కాదూ?" ఈ వారం ఒక పెళ్లి భోజనాల దగ్గర చదువుకున్న పెద్దమనిషే ఇలా అన్నారు. మాట ఇంకా గుచ్చుతోంది.

దండగ కాదు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో పోలియో రహిత దేశమన్న ధ్రువపత్రం అందింది. వెతకడం మానేసిన చోటా కేసులు సున్నాయే ఉంటాయి. అందుకే 15 ఏళ్ల లోపు పిల్లల్లో లక్షకు ఏటా కనీసం రెండు, పోలియో కాని చచ్చుబాటు కేసులైనా పట్టుకోవాలని మనవాళ్లు లక్ష్యం పెట్టుకున్నారు. అంతకు తగ్గితే వెతుకులాట సరిగా లేదని అర్థం.

పిల్లల్లోనే కాదు, మురుగునీటిలోనూ వైరస్ కోసం వెతకాలన్నది నా పట్టుదల. 2016 ఏప్రిల్ 25న దేశమంతటా చుక్కల మందులోంచి టైప్-2 రకం పోలియో వైరస్‌ను తీసేశారు. కొద్ది వారాలకే హైదరాబాద్ అంబర్‌పేట మురుగులో, చుక్కల మందులోని వైరస్సే రూపు మారిన టైప్-2 దొరికింది. టీకాలు సరిగా పడని బస్తీల్లో అది బిడ్డ నుంచి బిడ్డకు పాకితే కాళ్లు పడిపోతాయి. అప్పటికి ఒక్క బిడ్డకూ ఏమీ కాలేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. మామూలు డోసులో ఐదో వంతే, చర్మం పొరలోకి. రోగి లేకుండానే రోగాన్ని పట్టిన ఆ పనిని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అలాగని కొత్తగా డబ్బొస్తే మురుగు పరీక్షలకే పెట్టమంటానా? అనను. డ్రైనేజీ లేని ఊళ్లో, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకున్న చోట నమూనా ఎక్కడ తీస్తారు? అక్కడ బిడ్డను మొదట చూసేది ఆర్ఎంపీ డాక్టరు. వైరస్ మలంలో రోజూ ఒకేలా రాదు, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే కాలు పడిపోయిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు నమూనాలు తీసి చల్లగా ల్యాబుకు చేర్చాలి. నరాల బలహీనత అంటూ సూదులేస్తూ ఆ 14 రోజులూ గడిపేస్తే, ఎంత మంచి ల్యాబైనా చేయగలిగేది తక్కువే. ఆ ఆర్ఎంపీ చేసే ఒక్క ఫోనుకే నా ఓటు.

మీ వీధిలో 15 ఏళ్ల లోపు బిడ్డకు ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి వాలిపోతే, కారణం ఏదనిపించినా సరే, ఆ రోజే ఆశా కార్యకర్తకో పీహెచ్‌సీకో కబురు పెట్టండి.