టేపుల చెట్టు పెంచిన శ్రోతలు

ఒకరి దగ్గర మంచి కచేరీ రికార్డింగు ఉంది. నిడివి మూడు గంటలు, 90 నిమిషాల క్యాసెట్లు రెండు. అది ఇంకో 30 మందికి కావాలి. కాలం 1980ల నడిమి. నకలు తియ్యాలంటే రెండు డెక్కులు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో ఆడిస్తూ రెండోదాంట్లో ఎక్కించుకోవాలి. ఎక్కించిన ప్రతిసారీ కొత్త టేపు తన బుస కొంత కలుపుతుంది, తాళాల మెరుపు కొంత తగ్గుతుంది.

ఉన్నాయన ఒక్కడే 30 నకళ్లూ తీస్తే 90 గంటల పని. పైగా అన్నిసార్లు ఆడి మాతృక అరిగిపోతుంది. అలా కాదని మొదటివాడు రెండోవాడికి, రెండోవాడు మూడోవాడికి తీసిస్తూ పోతే, చివరి మనిషికి చేరేది 30వ తరం నకలు. అందులో పాట కన్నా బుసే ఎక్కువ. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు అభిమానులు దీనికి పట్టుకున్న ఉపాయం పేరు ‘టేప్ ట్రీ’, టేపుల చెట్టు. మాతృక ఉన్నవాడు ఆ చెట్టుకు వేరు. అతను ఐదుగురికి మాత్రమే తీసిస్తాడు, వాళ్లు కొమ్మలు. ఒక్కో కొమ్మ మరో ఐదుగురికి తీసిస్తుంది, వాళ్లు ఆకులు. ఐదూ ఇరవై ఐదూ ముప్పై. ఎవరికీ 15 గంటలకు మించిన పని లేదు. ఎవరి చేతికీ రెండో తరం దాటిన నకలు రాదు. ఆకులు కూడా తలా ఐదుగురికి తీసిస్తే మరో 125 మందికి అందుతుంది. అందుకోసం పోగొట్టుకునేది ఒక్క తరమే.

జీతం తీసుకునే ఇంజినీరు వేసిన ప్లాను కాదిది. పాట విని మురిసిపోయిన మనుషులు, తమలాంటి మనుషుల కోసం, చేతి ఖర్చు పెట్టుకుని అల్లిన పద్ధతి. అభిమానం అంటే హారతులూ పాలాభిషేకాలూ అనుకునే రోజుల్లో, అభిమానం పనితనంగా ఎలా మారుతుందో చూడాలంటే డెడ్‌హెడ్స్ అని పేరుపడ్డ ఈ అభిమానుల పని దగ్గరగా చూడాలి.

బ్యాండు పుట్టింది 1965లో, శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో. ముందుండి గిటారు వాయించే జెర్రీ గార్సియా 1995 ఆగస్టులో చనిపోయేదాకా, ఆ ముప్పై ఏళ్లలో చేసిన కచేరీలు సుమారు 2,300. ఏ రాత్రి ఏ పాటలు పాడతారో ముందు నిర్ణయం ఉండదు. నిన్న ఐదు నిమిషాల్లో ముగిసిన పాట ఇవాళ పాతిక నిమిషాలు సాగొచ్చు. మధ్యలో ఇంకో పాటలోకి జారిపోయి, రెండు పాటల తర్వాత మళ్లీ తేలొచ్చు. మన కచేరీ భాషలో చెప్పాలంటే ఇదంతా మనోధర్మం. ఒకే కల్యాణి రాగాన్ని అదే విద్వాంసుడు పది ఊళ్లలో పాడితే పదీ వినాలనిపించే రసికుడికి వీళ్ల తహతహ వెంటనే అర్థమవుతుంది. స్టూడియో రికార్డు కొనుక్కుంటే తీరే దాహం కాదది.

కాబట్టి శ్రోతలే మైకులు పట్టుకెళ్లారు. 1970ల తొలినాళ్లలో దొంగచాటుగా, కోట్ల లోపల దాచుకుని. న్యూయార్కు బ్రూక్లిన్‌లో లెస్ కిపెల్ అనే అభిమాని 1971లో టేపుల ఉచిత మార్పిడి సంఘం ఒకటి మొదలుపెట్టాడు. దాని కోసమే 1974లో పుట్టిన చిన్న పత్రిక తర్వాత ‘రెలిక్స్’ అనే పెద్ద సంగీత పత్రిక అయింది. బ్యాండు కాలక్రమంలో వీళ్లను చూసీచూడనట్టు వదిలేసింది. మేం వాయించేశాక ఇక అది వాళ్లదేనన్న ధోరణి గార్సియాది. ఒకే ఒక్క షరతు: అమ్మకూడదు.

1984 నాటికి మైకు స్టాండ్లు అడవిలా పెరిగి, సౌండ్ చూసుకునే డాన్ హీలీకి వేదికే కనపడకుండా పోయింది. అప్పుడు కూడా నిషేధం పెట్టలేదు. ఆ ఏడాది అక్టోబరు నుంచి మిక్సర్ బల్ల వెనక, టేపర్లు అని పిలిచే ఈ రికార్డింగువాళ్లకు ప్రత్యేకంగా స్థలం కేటాయించి, విడిగా టికెట్లు ఇచ్చారు. టేపర్లకు ఇందులో సంతోషమూ ఉంది, అసంతృప్తీ ఉంది. హాల్లో వెనక్కి పోయేకొద్దీ స్పీకర్ల నుంచి నేరుగా వచ్చే ధ్వని తగ్గి, గోడలకు తగిలి వచ్చే ధ్వని ఎక్కువవుతుంది. బల్ల ముందు స్థలం కోసం చాలామంది తాపత్రయపడింది ఇందుకే.

టేపరు రాత్రి ఎలా గడిచేదో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పనితనం అక్కడే ఉంది. స్టాండు మనిషి తలకు బాగా పైకి ఎత్తాలి. లేకపోతే చప్పట్లూ పక్కవాళ్ల మాటలూ పాటను మింగేస్తాయి. రెండు మైకుల్ని ఎలా అమర్చాలన్నదాని మీద ఒక్కొక్కరిదీ ఒక్కో మతం. చాలామంది నమ్మింది ఫ్రాన్సు రేడియోవాళ్ల పద్ధతి: మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. ఆ దూరం మన రెండు చెవుల మధ్య దూరానికి దగ్గరగా ఉంటుంది కనుక, హెడ్‌ఫోన్లో వింటే వేదిక ఎదురుగా పరుచుకున్నట్టుంటుంది. డెక్కుల్లో సోనీ టీసీ-డీ5ఎం అంటే ప్రాణం. పెద్ద టార్చిలైటు బ్యాటరీలు రెండు వేస్తే నడుస్తుంది, భుజానికి తగిలించుకోవచ్చు. కచేరీ మొదలవక ముందే క్యాసెట్ తెరిచి, మొదట్లో అయస్కాంతపు పూత లేని ఆ కాస్త ముక్కనీ చుట్టేసి సిద్ధంగా పెట్టుకుంటారు. అది మరిచిపోతే తొలి పాటలో తొలి స్వరం పోయినట్టే. మొదటి పాటలో ధ్వని మట్టం సరిచూసుకుని, ఆ తర్వాత ఆ మీట జోలికి పోరు.

అన్నిటికన్నా కష్టం క్యాసెట్ తిరగెయ్యడం. ఒక పక్క 45 నిమిషాలే. 40 దాటాక, పాటకూ పాటకూ మధ్య గిటార్లు శ్రుతి చేసుకునే వ్యవధి దొరికితే, ఇంకా ఐదు నిమిషాల టేపున్నా వదులుకుని తిప్పెయ్యాలా, ఇంకో పాట పడుతుందేమో చూడాలా? మొదటి భాగంలో పాటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు. రెండో భాగంలో పాటలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి పారతాయి. 1970ల చివరి నుంచి ఆ భాగం నడుమ ఇద్దరు డ్రమ్మర్లు బిల్ క్రూట్జ్‌మన్, మికీ హార్ట్ మాత్రమే వాయించే ఘట్టం రివాజైంది. చాలామంది టేపర్లు తిరగెయ్యడానికి అక్కడి దాకా కాచుకునేవాళ్లు. డ్రమ్ముల అభిమానులకిది అన్యాయమే. కానీ ఆ బ్యాండు పాటల నడక ఎంత లోతుగా తెలిసుంటే, ఇంకో నాలుగు నిమిషాల్లో ఏం జరగబోతోందో చీకట్లో నిలబడి ఊహించగలరు! టేపరు చెవి సంగీతం వింటూనే ఉండాలి, చేయి మీట మీద ఉండాలి. రికార్డింగులో పడుతుంది కనుక పాడటానికీ లేదు, కేకెయ్యడానికీ లేదు. అంతటి ఉత్సాహం మధ్య మూడు గంటలు అలా నోరు కట్టుకుని నిలబడటం నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకుంటుంది.

ఇంటికొచ్చాక నకళ్ల పని. దానికీ గట్టి నియమాలున్నాయి. రెట్టింపు వేగంతో తియ్యకూడదు. ఆడే వేగంలోనే ఎక్కించాలి. బుస తగ్గించే డాల్బీ మీట రెండు డెక్కుల్లోనూ ఆపెయ్యాలి, ఎందుకంటే ఒకరు వేసి ఇంకొకరు వెయ్యకపోతే పైస్థాయి ధ్వనులు మసకబారతాయి లేదా గరగరలాడతాయి. హెడ్డును స్పిరిట్టుతో తుడవాలి. మంచి టేపు వాడాలి. మాక్సెల్ ఎక్స్‌ఎల్-2 వాళ్లకు దాదాపు ప్రామాణికం. పోస్టులో పంపేటప్పుడు ప్లాస్టిక్ డబ్బా వద్దు, దారిలో పగిలి ముక్కలు టేపులో పడతాయి. ఎన్నో తరం నకలో అట్ట మీద దాచకుండా రాయాలి. ఇక్కడ నాకు మన తాళపత్ర ప్రతులు గుర్తొస్తాయి. కడపలో బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పోల్పించాడు. ఏ ప్రతి ఏ మాతృక నుంచి వచ్చిందో లేఖకులంతా రాసి ఉంటే ఆ పండితుల పని ఎంత తేలికయ్యేదో! టేపర్లు ఆ పని తమంతట తామే చేశారు.

మరి మార్చుకోవడానికి తన దగ్గర ఒక్క టేపూ లేని కొత్తవాడి సంగతేమిటి? ఖాళీ క్యాసెట్లూ, తిరుగు పోస్టేజీ స్టాంపులూ పంపితే చాలు, అనుభవజ్ఞులు ఎక్కించి పంపేవాళ్లు. ప్రతిఫలం అక్కర్లేదు. పరిచయమూ అక్కర్లేదు. అమ్మకూడదన్న షరతు లేకుంటే ఈ వ్యవస్థ నిలిచేది కాదని నా నమ్మకం. డబ్బు ప్రవేశిస్తే ఎక్కువ నకళ్లు, త్వరగా తీసిన నకళ్లు వచ్చేవి. తరం అంకె దాచెయ్యడానికి అందరికీ కారణం దొరికేది.

క్యాసెట్ అట్ట మీద రాసే పద్ధతి కూడా గమనించదగ్గది. తేదీ, హాలు, ఊరు, పాటల వరస. రెండు పాటల మధ్య బాణం గుర్తు ఉంటే ఆగకుండా ఒకటి రెండోదాంట్లోకి పోయిందని అర్థం. ఇలాంటి వేలాది అట్టలు, నోటు పుస్తకాలు, జ్ఞాపకాలు పోగేసి జాన్ స్కాట్, మైక్ డోల్గుష్కిన్, స్టూ నిక్సన్ 1987లో ‘డెడ్‌బేస్’ అనే పుస్తకం తెచ్చారు. ఏ రాత్రి ఏ పాట ఏ వరసలో వచ్చిందో తెలిసినంతవరకు కచేరీలన్నిటికీ పట్టిక అది. పాఠకులు తప్పులు పట్టి రాస్తే తర్వాతి ముద్రణలో దిద్దారు. ఎవరి జ్ఞాపకం ఏం చెప్పినా టేపు చెప్పిందే చెల్లుబాటు.

అభిమానుల పని గురించి మాట్లాడుతూ బ్యాండు రికార్డింగు ఇంజినీరైన బెటీ కాంటర్-జాక్సన్‌ను ప్రస్తావించడం ఎందుకంటే, ఆమె టేపుల్ని కాపాడిందీ ఊరూరా చేర్చిందీ అభిమానులే. హాలు స్పీకర్లకు వెళ్లే మిశ్రమాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేస్తే గొంతు పెద్దగా, గిటార్లు సన్నగా పడతాయి; గిటార్లు వేదిక మీది సొంత ఆంప్లిఫయర్లతోనే మోగుతాయి కనుక స్పీకర్లలోకి వాటిని తక్కువే కలుపుతారు. బెటీ హాలుతో సంబంధం లేకుండా, టేపు కోసమే తన మిశ్రమం తాను వేరుగా కలుపుకునేది. అప్పటికప్పుడు, రెండే ట్రాకుల మీదికి. తర్వాత దిద్దుకోవడానికి వీల్లేదు. బాస్ గిటారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమె టేపుల్లో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ తర్వాత ఆమె బ్యాండుకు దూరమైంది. గిడ్డంగి అద్దె కట్టలేకపోవడంతో 1986లో ఆ రీళ్లు వేలానికి వెళ్లాయి. కొన్నవాళ్ల నుంచి అవి టేపర్ల దృష్టికి వచ్చాయి. పాడైపోతున్న రీళ్లను ఓపిగ్గా బాగుచేసి, నకలు తీసి, చెట్ల మీద ఎక్కించారు. ‘బెటీ బోర్డ్స్’ అని పేరు పడినవి ఇవే. వాటిలో 1977 మే 8న న్యూయార్కు రాష్ట్రం ఇథకాలో, కోర్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాలులో జరిగిన కచేరీ అన్నిటికన్నా ప్రసిద్ధం. అమెరికా జాతీయ గ్రంథాలయం కాపాడదగిన రికార్డింగుల జాబితాలో దాన్ని చేర్చింది. రికార్డు కంపెనీ దాన్ని అధికారికంగా విడుదల చేసింది మాత్రం 2017లో. అప్పటికి ముప్పై ఏళ్లుగా అది అభిమానుల ఇళ్లలో మోగుతూనే ఉంది.

ఈ లోకం నుంచే వచ్చినవాడు డిక్ లట్వాలా. హవాయిలో కూర్చుని పిచ్చిగా టేపులు పోగుచేసి, విన్న ప్రతిదాని మీదా నోటు పుస్తకాల్లో రాసుకున్న మనిషి. బ్యాండు అతన్ని పిలిచి తన టేపుల గిడ్డంగికే కాపలా పెట్టుకుంది. 1993లో మొదలైన ‘డిక్స్ పిక్స్’ వరసలో తొలి సంపుటం టాంపాలో 1973 డిసెంబరు 19న జరిగిన కచేరీ. 1999లో అతను పోయాక కూడా వరస సాగి 36 సంపుటాలకు చేరింది. ఆ డిస్కుల అట్టల మీద ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది పాత రెండు ట్రాకుల టేపు, లోపాలుంటాయి, తెలిసి కొనండి అని. ఎన్నో తరం నకలో నిజాయతీగా రాసిన క్యాసెట్ అట్టల వారసత్వమే అది.

మిక్సర్ బల్ల నుంచి నేరుగా తీసిన బోర్డు టేపు గొప్పదా, శ్రోతల మధ్య నుంచి తీసినది గొప్పదా అన్న వాదం వాళ్లలో ఎప్పుడూ ఉంది. స్పష్టతకు మొదటిదే. కానీ నా ఓటు రెండోదానికే, మైకు బాగా పెట్టి ఉంటే. బోర్డు టేపులో జనం ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంటారు. హాల్లో తీసినదాంట్లో, గార్సియా ఒక స్వరం మీద ఆగినప్పుడు వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం, ఆ స్వరం విడవగానే హోరెత్తడం వినపడుతుంది. ఆ హోరు విని బ్యాండు మళ్లీ వేగం పెంచడమూ తెలుస్తుంది. ఈ సంగీతంలో శ్రోత కూడా వాద్యమే కాబట్టి, ఆ వాద్యం లేని రికార్డింగు నాకు అసంపూర్ణం.

కొత్తగా వినేవాళ్లు మాత్రం కోర్నెల్ బెటీ టేపుతోనే మొదలుపెట్టడం మంచిది. రెండో భాగం మొదట్లో ‘స్కార్లెట్ బిగోనియాస్’ నుంచి ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ లోకి పోయే ఘట్టం తీసుకోండి, రెండూ కలిపి పాతిక నిమిషాలకు పైనే. మొదటి పాట ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో చెప్పడానికి ప్రయత్నించండి. బాస్ వాయించే ఫిల్ లెష్‌ను మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి. తర్వాత అదే రాత్రి హాల్లో తీసిన టేపు దొరికితే, అదే ఘట్టం దాంట్లో వినండి.