సాలార్‌జంగ్ మ్యూజియం: ఎవరి వారసత్వం?

ఇటీవల కొందరు విద్యార్థులతో కలిసి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చూచాను. సాహిత్య విమర్శకునికి అక్కడ పనేమిటని పాఠకులు అడగవచ్చు. మ్యూజియం కూడా ఒక గ్రంథమే. వస్తువులను ఎన్నుకొని, వరుసగా పేర్చి, పేర్లు రాసి, అది మనకు చరిత్ర చెపుతున్నది. కనుక గ్రంథాన్ని అడిగే ప్రశ్నలే దానినీ అడగాలి: ఎవరి దృష్టితో చెపుతున్నది? ఎవరిని వదిలిపెట్టింది?

ఈ సంపదలో అధికభాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించినది. 1914లో దివాన్ పదవి వదిలి, తక్కిన జీవితాన్ని ఆయన దీనికే వినియోగించాడు. ఆ అభిరుచిని చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే నాతో వచ్చిన విద్యార్థి ఒకడు, "సార్, కొలువు మానుకున్న మనిషికి ఇవన్నీ కొనడానికి పైసలెక్కడివి?" అన్నాడు. జవాబు ఒక్క మాటలో ఉన్నది: జాగీరు. జాగీరు అంటే గ్రామాల శిస్తు. శిస్తు అంటే రైతు చెమట. నేను చదివిన చీటీలలో ఆ మాట ఎక్కడా లేదు.

ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన "ముసుగు రెబెకా" ముందు అందరం నిలబడిపోయాము. పాలరాతిలో అంత పలుచని ముసుగు, దాని వెనుక సిగ్గుపడే ముఖం! ఆ నైపుణ్యానికి నమస్కరించని వానికి కళ తెలియదు. దానిని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. దక్కనులో మహా కరువు మొదలయిన సంవత్సరం కూడా అదే. శిల్పాన్ని దీనికి దోషిగా నిలబెట్టమని నేననను. కాని రెండవ సంగతి దాచి మొదటిది మాత్రమే చెప్పడం చరిత్ర కాదు.

పేర్ల సంగతి చూడండి. రెబెకాను చెక్కినవాని పేరు మనకు తెలుసు. జహంగీరు బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకొన్న కత్తి: ఇక్కడ వాడినవారి పేర్లు నిలిచాయి, చేసినవారివి కావు. బిద్రీ సామానుల దగ్గరకు వస్తే అదీ లేదు. తుత్తునాగం, రాగి కలిపి పోతపోసి, ఉలితో గాళ్లు చెక్కి, వాటిలో వెండి పొదిగి, చివరకు బీదరు కోట మట్టితో నల్లబరచిన హుక్కాలవి. వాటికి ఊరు ఉన్నది, శతాబ్దం ఉన్నది, మనిషి లేడు.

అన్నిటికంటె ఎక్కువ జనం గడియారం దగ్గర ఉన్నారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారిది. గంట గంటకూ గడ్డపుబొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోతుంది. అందరి కళ్లూ దానిమీదనే. పక్కన ఒక కమ్మరి బొమ్మ సెకండు సెకండుకూ సుత్తి వేస్తూనే ఉన్నది. దానిని చూచేవారు తక్కువ.

"నవాబుల విలాసాలతో మనకేమి పని?" అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. కొన్నది నవాబులయినా చేసినది పనివారు. ఆ చేతిపనిని మనం వదులుకొంటే వారిని రెండవసారి దోచుకొన్నట్టే. "అందానికి వర్గమేమిటి?" అనే మిత్రులూ ఉన్నారు. అందానికి లేకపోవచ్చు, దాన్ని కొన్న డబ్బుకు ఉన్నది.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినాయి. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగింది. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరు 16న, దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి చేరింది. యాజమాన్యం ప్రజల చేతికి వచ్చినది, కథనం మాత్రం ఇంకా దేవిడీదే.

దానిని మార్చడానికి ఒక్క వస్తువునూ తీసివేయనక్కరలేదు. రెబెకా పక్కన ఒక జాగీరు గ్రామపు శిస్తు లెక్క పెట్టండి. హుక్కా పక్కన బిద్రీ పనివాని ఉలి పెట్టండి. అంతవరకు ఆ చీటీ రాయవలసినది ఉపాధ్యాయులమైన మనమే. పిల్లలను తీసుకువెళ్లండి. కమ్మరి బొమ్మను చూపించండి. పైసలెక్కడివని వాళ్లు అడిగితే తొందరపెట్టి పక్కగదిలోకి నడిపించకండి.