మధురవాణి ఆపిన చోట

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ వల్ల తెలిసే నీతి ఏమిటని పరీక్షలో అడుగుతాం. డబ్బు పుచ్చుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టడం తప్పని పిల్లలు రాస్తారు, మార్కులు వేస్తాం. ఆ జవాబు రాయడానికి నాటకం చదవక్కర్లేదు.

క్లాసులో పాత్రలు పంచి పైకి చదివించినప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. మాటకారి గిరీశం నోరు విప్పగానే పిల్లలంతా అతని పక్షమే. అప్పుడు అడుగుతాను, వితంతువుకు మళ్లీ పెళ్లి చెయ్యాలనడం తప్పా అని. కాదంటారు. మరి పడుచు వితంతువు బుచ్చమ్మకు ఆ మాట ఎందుకు చెబుతున్నాడు? అక్కడ కాస్త తడబడతారు. మంచి మాటను సొంత పనికి వాడుకునేవాణ్ణి పదిహేనేళ్లకే గుర్తుపట్టగలిగితే అంతకన్నా ఏం కావాలి!

విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో తీయించిన లెక్క గురజాడ ఇంగ్లీషు పీఠికలో ఉంది. మూడేళ్లలో 1034 శుల్కం పెళ్లిళ్లు. వధువుల్లో 99 మందికి అయిదేళ్లు, ముగ్గురికి ఏడాది. ఇంత ఘోరం కళ్లెదుట ఉన్నా ఆయన నాటకాన్ని ఉపన్యాసం కానివ్వలేదు. చిక్కుముడి విప్పే పని సంస్కర్తకు కాక, ఆ సంస్కర్త మొహం చూడనన్న వేశ్యకు అప్పగించాడు.

చివరి అంకంలో ఆ వేశ్య, మధురవాణి, మగవేషంలో సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు ఇంటికి వస్తుంది. శుల్కమిచ్చి పెళ్లాడిన ముసలి లుబ్ధావధాన్లు మీద హత్య నేరం పడింది. చచ్చిపోయిందంటున్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదని ఆమెకు తెలుసు. ఆ రహస్యం చెప్పడానికి ఒక ముద్దు అడుగుతుంది. సానివాళ్లను దగ్గరకు రానివ్వనన్నది వకీలుగారి వ్రతం. వ్రతమా, ఒక ముసలివాడి ప్రాణమా? నలిగి నలిగి చివరికి ముందుకు వస్తాడు. ఆమే ఆపేస్తుంది. చెడనివాళ్లను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది.

ఇక్కడ పుస్తకం మూయించి, మీరైతే ఏం చేసేవారని అడుగుతాను. మాట తప్పకూడదని కొందరు. ఒట్టు కోసం మనిషిని ఉరికి వదిలేస్తామా అని కొందరు. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, “ఇంతకీ ఆవిడది మంచి మనసని ఆయనకు ముందే ఎందుకు తెలీలేదు మాస్టారూ?” అంది. జవాబు నేను చెప్పలేదు, వాళ్లనే వెతకమన్నాను. ఆమెను ఎన్నడూ చూడకుండానే తీర్పు చెప్పేశాడు కాబట్టి అన్నాడొకడు. ముద్దుకు సిద్ధపడ్డప్పుడే సౌజన్యారావు ఓడిపోయాడని ఇంకొకడు వాదించాడు. ఆయన అప్పుడే పెద్దవాడయ్యాడని నా నమ్మకం.