పాల కాలు, సపోటా తల

కోట ఊళ్లో మా ఇంటి పెరట్లో సపోటా అంటు పెట్టి పదిహేనేళ్లు దాటింది. మొక్క ఇస్తూ నర్సరీ పెద్దాయన ఒకటే చెప్పాడు: "అంటు కింద చిగురొస్తే గిల్లెయ్యి నాయనా." నేను గిల్లలేదు. పచ్చగా వస్తోంది గదా, రానీలే అనుకున్నా. రెండేళ్లకు పైన సపోటా ఎండిపోయింది, కింది చిగురే చెట్టయి కూర్చుంది. ఆకు చూసినా తెలిసేదే. సపోటా ఆకు కొన మొనదేలి ఉంటుంది, దీని కొన గోటితో నొక్కినట్టు లోపలికి ఉంది. పాల చెట్టు.

సపోటా మెక్సికో వైపు నుంచి వచ్చింది, పాల ఇక్కడిదే. శాస్త్రంలో రెంటిదీ ఒకే ఇంటిపేరు, మనిల్కారా. అందుకే పాల మీద సపోటా అంటు అతుకుతుంది. పాల మొక్క ఉన్న కుండీని సపోటా కొమ్మ పక్కకు చేర్చి, రెండిటికీ వేలెడు పొడవున చెక్కు తీస్తారు. అప్పుడు చూడాలి: రెండిట్లోంచీ ఒకేలా తెల్లటి పాలు. గుడ్డతో తుడిచి, కత్తికి పట్టిన జిగురు గీకి, గాయం మీద గాయం ఆనించి బిగించి కడతారు. రెండు మూడు నెలలకు అతికాక పైన పాల తల, కింద సపోటా కొమ్మ కోసేస్తారు. నీటి ఎద్దడిని ఓర్చే వేరు పాలది, పండు సపోటాది.

ఇలా అంటు కట్టడం సంకరం కాదు. సంకరమంటే ఎలా ఉంటుందో చూడండి. కానరీ దీవుల్లో మాత్రమే పుట్టిన స్ట్రాబెర్రీ చెట్టొకటి ఉంది (మనం తినే స్ట్రాబెర్రీకి చుట్టం కాదు). బయటి నుంచి తెచ్చి నాటిన యూరప్ రకంతో కలిసి దానికి సంకరాలు పుట్టాయి. అసలే తగ్గిపోయిన దీవి చెట్టుకు అదొక బెంగ. అంటుతో ఆ బెంగ లేదు, గింజ దాకా కలయిక పోదు.

దీవి అంటే మనకూ ఒకటుంది, శ్రీహరికోట. అక్కడి అడవిలో పాల, అల్లి ముఖ్యమైన చెట్లు. యానాది గిరిజనులకు అడవి పండ్లే ఆసరాగా ఉన్న చోటు. 1971 అక్టోబర్ 9న అక్కడ తొలి రాకెట్ లేచింది. రాకెట్ కేంద్రం చుట్టూ కంచె పడి అడవి మిగిలింది, మంచిదే. కంచె ఇవతల మన ఊళ్లలో ఎన్ని పాల చెట్లున్నాయో మీరే లెక్కపెట్టండి. మెల్లగా పెరిగే చెట్టని ఎవరూ నాటరు.

నా తప్పు చెట్టు ఈ వేసవిలో కాసింది. వేపపండంత పసుపు పండు, తింటే పెదాలు అంటుకుంటాయి. గింజలు కడిగి నీడన ఆరబెట్టాను. కావలసినవాళ్లు రండి.