గడియారంలో కమ్మరి
(బడిపిల్లల మ్యూజియం యాత్ర - మన సౌందర్యదృష్టి)

1

సాహిత్య విమర్శ రాయవలసిన చోట బడిపిల్లల విహారయాత్రల గురించి రాస్తున్నాడేమిటని మిత్రులు అనుకోవచ్చు. కాని మన పిల్లల్లో చాలామంది జీవితంలో మొట్టమొదట స్వంతంగా రాయవలసి వచ్చే రచన కథా కాదు, కవితా కాదు. ‘మేము చేసిన విహారయాత్ర’ అనే వ్యాసం. చూసినదాన్ని మాటల్లో పెట్టడం వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. ఏది చూడకూడదో, ఏది రాయకూడదో కూడా అక్కడే నేర్చుకుంటారు. రేపటి రచయితా, రేపటి విమర్శకుడూ ఆ వ్యాసంలోంచే రావాలి. కనుక ఇది సాహిత్య సమస్యే.

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ని. 1986లో నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల నుంచి యాభైమంది తొమ్మిదో తరగతి పిల్లల్ని అద్దె బస్సులో హైదరాబాదు తీసుకుపోయాం. పొద్దున చార్మినారు, సాయంత్రం జూ పార్కు, మధ్యలో రెండు గంటలు సాలార్ జంగ్ మ్యూజియం. అప్పటి బడులన్నిటి కార్యక్రమం దాదాపు ఇదే. ఇప్పుడు కూడా పెద్దగా మారిందని చెప్పలేను.

పదులకొద్దీ గదుల్ని రెండు గంటల్లో చూపించాలి. అందుకు మేం ఉపాధ్యాయులం కనిపెట్టిన పద్ధతి ఒకటే: వరుస తప్పొద్దు, ముట్టుకోవద్దు, ఆగొద్దు. పింగాణీలు, పచ్చరాతి పిడుల బాకులు, దంతపు కుర్చీలు, నూనెరంగుల చిత్రాలు - అన్నీ పిల్లల పక్కనుంచి రైలు కిటికీలో చెట్లలా వెళ్లిపోయాయి.

పన్నెండు కావస్తుండగా అందర్నీ సంగీత గడియారం ముందు నిలబెట్టాం. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. గంట కాబోయే ముందు తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికొస్తుంది. గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు గనక జనం ఎక్కువ. ఆ గడియారంలోనే ఇంకో బొమ్మ కూడా వుంది. సుత్తి పట్టుకున్న కమ్మరి. అతను సెకనుకొకసారి కొడుతూనే వుంటాడు. అతనికి లోపలికి పోయే తలుపు లేదు.

గడ్డం మనిషి వచ్చాడు, కొట్టాడు, పోయాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. మేం కదిలాం. ఒక కుర్రాడు మాత్రం కదల్లేదు. వాడిది కమ్మరి ఇల్లు. సెలవుల్లో కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడు.

‘‘సార్, గా కమ్మరాయన అసలు ఊకుంటనే లేడు సార్. గడియకోపారి వచ్చెటాయనకే అందరు సప్పట్లు గొడ్తున్నరు’’ అన్నాడు.

‘‘నడువ్‌రా, ముసుగు రెబెక్కాను చూడాలె ఇంకా’’ అని రెక్క పట్టుకుని లాక్కుపోయాను.

2

మర్నాడు వ్యాసం రాయించాను. రాయించాను అంటే, నల్లబల్ల మీద నేను రాసింది పిల్లలు ఎక్కించుకున్నారు. ‘ఈ మ్యూజియం ఒకే వ్యక్తి సేకరించిన అపురూప వస్తుసంపదకు నిలయము. ఇచ్చటి వస్తువులు మమ్ములను ఆశ్చర్యచకితులను చేసినవి’ - ఇలా సాగింది అది. చివర ఒక వాక్యం మాత్రం ఎవరికి నచ్చినదాన్ని గురించి వాళ్లే రాయమన్నాను. నలభైతొమ్మిదిమంది ‘నాకు అన్నియు నచ్చినవి’ అన్న అర్థంలోనే రాశారు. ఆ కుర్రాడు మాత్రం గడియారంలో కమ్మరి కొడుతూనే వున్నాడని రాశాడు.

నేను ఎర్రసిరాతో దాన్ని కొట్టేశాను. పక్కన ‘విషయమునకు సంబంధము లేదు’ అని రాశాను.

అప్పటికే నేను అభ్యుదయ సాహిత్యం చదువుతున్నవాణ్ని. శ్రమ గురించి, చరిత్ర నిర్మాతల గురించి సభల్లో మాట్లాడుతున్నవాణ్ని. యాభై నోటుపుస్తకాల్లో ఒకే ఒక్క సాహిత్య వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేసింది నా చేయే. నా ఒక్కడి పొరపాటుగా దీన్ని చెప్పుకుని ఊరుకుంటే అది ఒప్పుకోలు అవుతుంది తప్ప విమర్శ కాదు. ఆ ఎర్రగీత ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

నా నల్లబల్ల వ్యాసంలో వున్నవన్నీ విశేషణాలే. అపురూపం, అద్భుతం, అమోఘం. వస్తువు దేనితో చేశారో, ఎలా చేశారో, ఎవరు చేశారో చెప్పడానికి క్రియలు కావాలి. పోత పోశాడు, చెక్కాడు, తాపాడు, నునుపు చేశాడు అని చెప్పాలి. క్రియలున్నచోట కర్త వుండక తప్పదు. విశేషణానికి కర్తతో పనిలేదు. ‘అపురూపం’ అనగానే వస్తువు దానంతటదే ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు అవుతుంది. మిగిలేది దాన్ని కొన్నవాడు ఒక్కడే. కొన్నవాడి పేరు మొదటి వాక్యంలోనే వుంది గదా!

మన పుస్తక సమీక్షల్లో సగం ఈ వ్యాసాలే. కవి ఏ పనిముట్టుతో ఏ పదార్థాన్ని ఎలా మలిచాడో చెప్పకుండా, ‘గొప్ప కవిత’ అని చెప్పి ముగించేవాళ్లందరం ఏదో ఒక విహారయాత్ర వ్యాసం ఎక్కించుకుని పెద్దవాళ్లమయినవాళ్లమే.

3

ఇంతకీ ఆ ‘ఒకే వ్యక్తి సేకరణ’ సంగతి ఏమిటి? మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) గొప్ప సేకర్త అన్నదాంట్లో సందేహం లేదు. 1912 నుంచి 1914 దాకా ఏడో నిజాముకు ప్రధానిగా వుండి, తర్వాతి జీవితమంతా దీనికే ఖర్చు పెట్టాడు. అయితే సేకరణ అతనితో మొదలు కాలేదు. ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను అతని తాత, మొదటి సాలార్ జంగ్, 1876లో ఐరోపా పర్యటనకు పోయినప్పుడు రోములో కొన్నాడని చెబుతారు. ఆ బొమ్మ చెక్కిన జొవాన్ని బెంజోని కూడా ఒంటరి శిల్పి కాడు. రోములో సహాయకుల్ని పెట్టుకుని పెద్ద శిల్పశాల నడిపినవాడు. ఈ రెబెక్కాకు ప్రతులు ఇతర దేశాల్లోనూ వున్నాయి. అంటే, తడిబట్ట చాటున ముఖం కనిపిస్తున్నట్టు రాతిని అంత పలచగా అరగదీసిన చేతులు ఎవరివన్నది ఆ ఒక్క పేరుతో తేలే విషయం కాదు.

కొనడానికి డబ్బు ఎక్కడిది? నిజాం రాజ్యంలోని పెద్ద జాగీర్లలో సాలార్ జంగులది ఒకటి. జాగీరు అంటే రైతు కట్టే శిస్తు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మూడో సాలార్ జంగ్ 1949 మార్చిలో వారసులు లేకుండా చనిపోయాడు. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయాయి. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. అదే ఏడు డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. దేవిడీ గోడల మధ్య వున్న సొత్తు ప్రజల సొత్తయిన కాలమూ, వెట్టికి వ్యతిరేకంగా పల్లెలు లేచిన కాలమూ ఒకటే. మా కుర్రాడి తాతల తరం కమ్మరులు దొరల నాగళ్లకు కర్రులు ఊరికే కొట్టి పెట్టవలసివచ్చిన తరం. ఈ సంబంధం ఒక్క వాక్యంలో చెప్పినా ఆ రోజు బస్సులోని పిల్లలు తమకు కానిచోట అడుగుపెట్టినట్టు ఒదిగి ఒదిగి నడిచేవాళ్లు కారు.

4

‘అయితే ఆ నవాబుల బొమ్మలు మన పిల్లలకెందుకు? అది దోపిడీకి స్మారకం’ అని నాతో వాదించిన మిత్రులున్నారు. కొంతకాలం నేనూ అలాగే మాట్లాడాను. ఇది పైకి విప్లవంగా కనిపిస్తుంది కాని, నా నల్లబల్ల వ్యాసానికి తిరగేసిన ప్రతి మాత్రమే. అక్కడ ‘అపురూపం’ అన్నచోట ఇక్కడ ‘దోపిడీ’ అంటున్నాం. రెండింట్లోనూ వస్తువును చూడలేదు. చూడకుండా మెచ్చుకోవడం, చూడకుండా తిట్టడం - రెండూ కమ్మరిని గడియారంలోనే వదిలేసి పోతాయి.

1920 అక్టోబరులో లెనిన్ యువజన కమ్యూనిస్టు సంఘం మూడో మహాసభలో మాట్లాడుతూ సరిగ్గా ఈ ధోరణినే ఖండించాడు. శ్రామికవర్గ సంస్కృతి శూన్యంలోంచి పుట్టదనీ, భూస్వాముల, పెట్టుబడిదారుల కాడి కింద మానవజాతి కూడబెట్టిన జ్ఞానాన్ని స్వాధీనం చేసుకుని, విమర్శించి, అభివృద్ధి చేసినప్పుడే అది రూపొందుతుందనీ ఆయన వాదన. ఆ కాడి కింద పనిచేసింది మనవాళ్లే అయినప్పుడు ఆ పనితనాన్ని వదులుకోవడం ఎవరికి లాభం?

తలుపులు తెరిచినంత మాత్రాన స్వాధీనమయిందనుకోవడం కూడా భ్రమే. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియేర్ బూర్దియూ, అలైన్ దర్బెల్‌తో కలిసి ఐరోపా మ్యూజియంల ప్రేక్షకుల్ని పరిశీలించి 1966లో పుస్తకం ప్రచురించాడు. అసలు అడ్డంకి టిక్కెట్టు ధర కాదు, చదువు అని అందులో తేల్చాడు. కళను చూడడానికి కావలసిన సామగ్రి కొందరికి ఇంట్లోనే దొరుకుతుంది. దొరకనివాళ్లు తమకు అభిరుచి లేదనుకుని సిగ్గుపడతారు. ఆ సామగ్రి ఇవ్వగలిగింది బడి ఒక్కటే. బడి ఇవ్వకపోతే విహారయాత్ర పిల్లలకు నేర్పేది తమ తక్కువతనాన్నే.

అయితే మన పిల్లలు ఏ సామగ్రీ లేకుండా వస్తారనుకోవడం కూడా తప్పే. చేర్యాల నకాషీల పటం ముందు కూర్చున్న ఊరు బొమ్మను మౌనంగా చూడలేదు. కూనపులివారు పటం విప్పి పద్మశాలీలకు వాళ్ల కులకథ చెబుతుంటే బొమ్మా, పాటా, మగ్గం పనీ ఒక్కచోటే వుండేవి. కులం గిరి దాటని కథ అది, నిజమే. దాన్ని పొగిడి ఊరుకోనక్కర్లేదు. కాని బొమ్మ ముందు నిలబడి ‘ఇదెవరు? ఏం చేస్తున్నాడు?’ అని అడిగే హక్కు అక్కడి పిల్లవాడికి వుంది. మేం ఆ హక్కును మ్యూజియం గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిపించాం.

5

చాలా ఏళ్ల తర్వాత ఒక యువజన సంఘం పిల్లలతో అదే మ్యూజియానికి పోయాను. ఇరవైమంది. ఈసారి ఒకే గది చూద్దామన్నాను. బిద్రీ పాత్రల గది. పోయేముందు ఒక సాయంత్రం కూర్చుని ఆ పని ఎలా చేస్తారో చెప్పుకున్నాం. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి కరిగించి మట్టి అచ్చులో పోత పోస్తారు. ఉలితో పూలూ తీగలూ చెక్కుతారు. ఆ గాడిలో వెండితీగ పెట్టి సుత్తితో తాపుతారు. చివరికి బీదరు కోట మన్నూ నవాసారమూ కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే వుంటుంది.

గదిలో మూడు ప్రశ్నలే అడిగాను. ఇది దేనితో చేశారు? చేసిన చేయి ఎక్కడెక్కడ కనిపిస్తోంది? ఇది ఎవరింట్లో వుండేది, చేసినవాడింట్లో ఎందుకు లేదు? గంటన్నర గడిచినా వాళ్లు కదల్లేదు. ఒకడు హుక్కా కుదురు మీద తీగ మలుపు తిరిగినచోట వెండి కొద్దిగా ఎడమైందని కనిపెట్టాడు. వంద చోట్ల తప్పనిచేయి ఒకచోట తప్పింది. మనిషి అక్కడ దొరికాడని నాకు అనిపించింది.

ఒకమ్మాయి మాత్రం ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. ఏమ్మా అంటే, ‘‘నలుపు మీద తెలుపు ఎంత బాగుందో చూస్తున్నా సార్. ఇంకేం అడక్కండి’’ అంది. నాకు కొంచెం చిన్నతనమనిపించింది. మళ్లీ ఎర్రసిరా పట్టుకోబోయానని తోచింది. ఆనందాన్ని దాటేసి ప్రశ్నలకు పోవాలనుకోవడం మనవాళ్ల విమర్శలో పాత జబ్బు. ఆ పనివాడు నలుపు మీద తెలుపు మెరవాలనే గదా అంత కష్టపడ్డాడు! అందాన్ని అందంగా చూసినవాళ్లే అతని శ్రమను పూర్తిగా గౌరవించినవాళ్లు. మూడు ప్రశ్నలూ ఆ చూపు తర్వాతే రావాలి. కాని రావాలి. రాకపోతే ఆ చూపు కొన్నవాడి చూపుగానే మిగిలిపోతుంది.

6

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది రేపు ఉపాధ్యాయులవుతారు. పిల్లల్ని తీసుకుపోండి. ఒక్క గది చాలు, ఒక్క వస్తువయినా చాలు. ముందు చూడనివ్వండి. వాళ్లింట్లో ఏ పని జరుగుతుందో ఆ పని కళ్లతో చూడనివ్వండి. నేతపని వారి పిల్ల చీర అంచు దగ్గర ఆగితే ఆగనివ్వండి. నల్లబల్ల మీద ఏమీ రాయకండి.

రచయితలకూ అదే మాట. మనం కమ్మరి గురించి చాలా కవితలు రాశాం. అతను సుత్తి ఎత్తినప్పుడు మణికట్టు ఎలా తిరుగుతుందో ఎన్నింటిలో రాశాం? అది తెలిసిన పిల్లవాడు నా తరగతిలో రెండో బెంచీలో కూర్చున్నాడు. నేను వాడి వాక్యం కొట్టేశాను. ఆ నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. వుంటే ఆ ఎర్రగీత చెరిపేసి, నా నల్లబల్ల వ్యాసమంతా కొట్టేసి, ఆ ఒక్క వాక్యానికే మార్కులు వేసేవాణ్ని.