ఆఖరి ముద్ద ఎవరిది?

మంత్రంతో అన్నం పుట్టించడం తేలిక. ఆ అన్నంలోంచి కథ పుట్టించడమే కష్టం. నడిగడ్డలోని గట్టు ఊళ్లో సెలవు రోజుల్లో మా ఇంటి పిల్లల కోసం నేను నడిపే ఆట నాకు నేర్పిన సంగతి ఇది.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసి తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్లు వీరులో, మాంత్రికులో అయి ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితాన్ని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఇందులో తిండీ నీళ్లూ పుట్టించే మంత్రం ఒకటి ఉంది. 2014 నియమాల పుస్తకం ప్రకారం 45 పౌండ్ల తిండి, 30 గ్యాలన్ల నీళ్లు, 15 మందికి ఒక రోజుకు. అంటే దాదాపు 20 కిలోలు, 113 లీటర్లు. గ్యాలన్లను బిందెల్లోకి మార్చుకోకుండా నడిగడ్డ మనిషి ఉండగలడా? ఎనిమిదో తొమ్మిదో బిందెలు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారుతున్నా వాన కోసం మొగులు దిక్కు చూసిన మెట్టనేల మాది. లెక్క విన్న మా అమ్మ, "తాగనీకె సరిపోతది, మరి ఎడ్లకు?" అంది. పుస్తకంలో దానికీ జవాబుంది: మనుషులకు బదులు ఐదు గుర్రాలను సాకవచ్చు. కాకపోతే ఆ తిండి చప్పగా ఉంటుంది, తినకుంటే మర్నాటికి పాడైపోతుంది. ఆ చప్పదనం రాసినవాళ్లకు ఆట లోతు తెలుసు. ఆకలి తీర్చారు గానీ వంటమనిషి పని పోగొట్టలేదు.

అదే పుస్తకంలోని వీరుల విందు మంత్రం ఇంకా పెద్దది. దానికి 1000 బంగారు నాణేల విలువైన రత్నాల గిన్నె కావాలి, మంత్రంతో పాటే అదీ పోతుంది. 12 మంది దాకా కూర్చోవచ్చు. తిన్నవాళ్లకు ఒక రోజంతా విషం ఎక్కదు, భయం అంటదు. కానీ గంటసేపు కూర్చుని తినాలి, ఆ గంట నిండితేనే ఫలం. "తిన్నాం, అయిపోయింది, పోదాం" అంటారు పిల్లలు. నేను ఒప్పుకోను. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, విస్తట్లో ఏముంది చెప్పమంటాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ వస్తాయి. వాటి వెనకే అలకలు, రాజీలు, రేపటి యుద్ధానికి ఎత్తుగడలు వస్తాయి.

విషం ఎక్కని భోజనం మనకు కొత్త కాదు. ఇల్వలుడు తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, వండి అతిథికి పెట్టేవాడు. ఆపైన పేరు పెట్టి పిలిస్తే వాతాపి కడుపు చీల్చుకుని బయటికొచ్చేవాడు. అగస్త్యుడి దగ్గర ఆ పప్పులుడకలేదు, వాతాపి అరిగిపోయాడు. పాలు తాగిన పసిబిడ్డ పొట్ట నిమిరే తల్లులు ఇప్పటికీ ఆ పేరే తలుస్తారు. గట్టు ఉన్న జిల్లాలోనే ఉన్న అలంపురం నవబ్రహ్మ ఆలయాలను కట్టించింది బాదామి చాళుక్యులు. ఆ బాదామి పాత పేరు వాతాపి. మా ఆటలో వీరుల విందు మంత్రం ఫలించాలంటే పెట్టినవాడి ఎదుటే, పెట్టినదంతా తినాలి. అనుమానం ఉన్నా విస్తరి ముందు నుంచి లేవకూడదు.

అక్షయపాత్రను కూడా ఒక మంత్రంగా ఆటలోకి తెచ్చాను. అరణ్యవాసంలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన ఆ పాత్ర, ద్రౌపది తినేదాకా ఎందరికైనా పెడుతుంది, ఆమె తిన్నాక ఆ రోజుకు ఖాళీ. ఈ షరతు లేకుంటే దుర్వాసుడు శిష్యులతో వచ్చినా పేచీ లేదు, కృష్ణుడు వెతికిన మెతుకుతో పనీ లేదు. మా ఆటలోనూ అదే నియమం పెట్టాను. మంత్రం తీసుకున్న అమ్మాయి రెండు పూటలు ఓపిక పట్టి అడిగింది: "వడ్డించేదాన్ని నేను తింటేనే ఎందుకు ఖాళీ కావాలి పెదనాన్నా? పాత్ర ధర్మరాజుది కదా?"

న్యాయమైన ప్రశ్న. నియమం మార్చాను: గుంపు నాయకుడు తింటే పాత్ర ఖాళీ. ఎక్కడ నిధి దొరికినా ముందు చెయ్యి పెట్టే పిల్లాడే మా నాయకుడు. ఆ పూట అతను అందరి పేర్లూ పిలిచి, "తిన్నవా? నువ్వు తిన్నవా?" అని అడిగాడు. గుర్రాలు కాసేవాణ్ణి కూడా మరవలేదు. బుద్ధులు చెబితే ఈ పని చేసేవాడు కాదు, ఆకలి లెక్క తన మీద పడింది గనుక చేశాడు. అందుకే తిండి మంత్రం రాసేటప్పుడు ఎంత పుట్టాలన్నది తర్వాత చూసుకుంటాను. ఆఖరున తినేదెవరో ముందు రాస్తాను.